కృష్ణలో కనిపించిన తెల్ల పిట్ట

కృష్ణలో పడవ మునిగితే పేపర్లో వేస్తారు. అల్లుడి పరువు మునిగితే వేయరు కనుక ఆ పని నేనే చేస్తున్నాను. నవ్వుకోండి. మా అత్తగారి ఊరు గోపాల్‌పేటలో మాత్రం కొత్తగా చెప్పనక్కర్లేదు, అక్కడ ఇది పిల్లలకు కూడా కంఠతా వచ్చు.

ఎనభైల చివర్లో నాకు కొత్తగా పెళ్లయింది. గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. ఒక చలికాలం ఆదివారం మా వీధి మగ్గాలన్నీ ఆపి, ఆడా మగా కలిసి పడవ మాట్లాడుకున్నాం. ఏటి నడుమ లంకల్లో దిగే పిట్టలనూ, బండల మీద ఎండ కాగే మొసళ్లనూ చూసిరావాలని సంబరం. కూతురిని చూడవచ్చిన అత్తమామలను కూడా బయలుదేరదీశాను. పెద్దరికం నాదే. వలస పిట్టల మీద వారపత్రికలో వచ్చిన వ్యాసం వీధిలో చదివింది నేనొక్కడినే మరి! ఆ కాగితంలో మిర్చి బజ్జీలు కట్టి ఇచ్చారు కనుక, నూనె మరకల కింద సగం వ్యాసం కనిపించలేదు. అది వేరే సంగతి.

ఒక లంకలో దిగి జొన్నరొట్టెలు తిన్నాం. మళ్లీ పడవ ఎక్కాక, నడిపే ఈరన్న అడిగాడు. "అందరెక్కిండ్రా సారూ?"

"ఎక్కిండ్రు, పోనియ్!" అన్నాను, వెనక్కి తిరగకుండానే. నాయకుడు వెనక్కి చూస్తాడా?

పడవ కదిలాక హుకుం జారీ చేశాను. "మాట్లాడితే పిట్టలు లేస్తయి. నేను చెప్పేదాక ఎవ్వరు నోరిప్పొద్దు." నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూస్తే ఏరు మంచిదని నేను సవరించాను.

ఆ రోజుల్లో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడేది కాదు. మా అత్త కొంగు అడ్డం పెట్టుకుని కూతురి చెవిలో ఏదో గొణిగింది.

"ఇగో, జర వినుండ్రి," అంది నా భార్య పద్మ. "అమ్మ ఏందో చెప్తుంది, నాయిన..."

"ష్! మీ నాయినను సూసి నేర్చుకోండ్రి. ఎంత బుద్ధిగ కూసున్నడో, సప్పుడే లేదు!"

పద్మ మూతి ముడుచుకుంది. అంతలో మేం విడిచివచ్చిన లంక మీద, బండపైన, తెల్లగా ఏదో లేచి రెక్కలు కొట్టుకుంటోంది. నా ఒళ్లు పులకరించింది.

"సూసిండ్రా! గది ఈడి పిట్ట గాదు. సముద్రాలు దాటొచ్చింది!"

పక్కింటి నర్సప్ప తాత కళ్లు చికిలించాడు. "గింత పెద్దగనా? కాళ్లు మనిషి కాళ్ల తీర్గున్నయేందిరా?"

"పరాయి దేశపు తిండి తాతా, పుష్టిగుంటది."

"కూస్తుంది గూడ!"

"జంట కోసం పిలుస్తుంది," అన్నాను గంభీరంగా.

అంతే. మా అత్త కొంగు తీసి పారేసింది. పెళ్లయ్యాక నాతో ఆమె నేరుగా అన్న మొదటి మాట ఇదే. "ఆ జంట నేనేనయ్యా! గది పిట్ట గాదు, మీ మామ!"

ఈరన్న పడవ తిప్పాడు. నా గుండె మగ్గం కన్నా జోరుగా కొట్టుకుంటోంది. రొట్టెలు తిన్నాక మామ చెంబు పట్టుకుని పొదల చాటుకు వెళ్లాడట. సిగ్గుకొద్దీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వచ్చేసరికి పడవ లేదు. కేకలు మాకు సరిగా అందలేదు. అవతలి బండ మీద చూస్తే మొసలి! ఇంకేం చేస్తాడు, ధోతి విప్పి రెండు చేతులతో ఊపాడు. మేం పోయేసరికి చారల లాగు మీద నిలబడి ఉన్నాడు. మొసలి నోరు తెరుచుకుని ఉంది, నవ్వు ఆపుకోలేనట్టు.

మోకాలి లోతు నీళ్లలోకి దూకి చేతులు జోడించాను. "తప్పయింది మామా!"

మామ తీరిగ్గా ధోతి కట్టుకున్నాడు. పడవెక్కాడు. చెంబు ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడన్నాడు.

"ఇంకో గడియ ఆగకపోయినవా అల్లుడా, గుడ్లు గూడ పెట్టి సూపిస్తుంటి."

పడవంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులకు ఏటిలోని అసలు పిట్టలన్నీ లేచిపోయాయి. మాకు దక్కింది వాటి తోకల దర్శనమే.

ఆనాడే కృష్ణ నీళ్లు దోసిట్లో పట్టి ఒట్టు పెట్టుకున్నాను. రెక్కకూ ధోతికీ తేడా తెలిసేంత దగ్గరికి పోనిదే, బతికుండగా ఏ పిట్టకూ పేరు పెట్టను.