అత్తగారు వదిలేసిన ఆకు

మొన్న మా రాజమండ్రి దానవాయిపేటలో కొత్తగా తెరిచిన పెద్ద కొట్టుకి కందిపప్పు కోసం వెళ్లి, వరుసలు తెలియక టీ పొడుల దగ్గర తేలాను. మల్లెపూల టీ, జపాను వాళ్ల బియ్యం టీ, కొరియా వాళ్ల బార్లీ టీ, ఇంకా పేరు చదవడానికే నోరు తిరగనివి బోలెడు, బిస్కెట్ల పక్కన మామూలు సరుకులా పడి ఉన్నాయి. కాలేజీ పిల్ల ఒకతె ఫోనులో మాట్లాడుకుంటూ, చెయ్యి చాచి ఒక కొరియా పాకెట్ తీసి, కనీసం దానివంక చూడకుండా బుట్టలో పడేసుకుని పోయింది. నాకు ఒళ్లు మండిందంటే నమ్మండి. ఆ పాకెట్ కోసం నేను ఒకప్పుడు పడ్డ తిప్పలు ఎవరికైనా చెప్పుకుంటే గానీ ఆ మంట చల్లారేలా లేదు.

తొంభైల చివరి సంగతి. మామగారు పోయాక అత్తగారిని నిడదవోలు నుంచి రాజమండ్రిలో మా ఇంటికి తీసుకొచ్చేశాం. మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. కోనసీమలో మా పుట్టింట్లో కాఫీ తప్ప మరొకటి పొయ్యెక్కేది కాదు గానీ, వాళ్లది మాత్రం రైల్వే క్వార్టర్సు అలవాటు, టీ ఇల్లు. పెళ్లయ్యాక నేనూ మెల్లిగా టీలోకి దిగిపోయాను.

ఆ చలికాలంలో మా ఆయన వాళ్లమ్మగారిని కాశీ తీసుకెళ్లారు. కాశీకి వెళితే ఒక కాయ, ఒక పండు, ఒక ఆకు వదిలేసి రావాలన్న మనవాళ్ల ఆనవాయితీ మీకు తెలియనిది కాదు. ఇష్టమైనవి వదలమని పెద్దలు చెబితే, మనం తెలివిగా ఎలాగూ తినని వాటిని గంగలో వదిలేసి చేతులు దులుపుకుంటాం. మా ఆడపడుచు పొట్లకాయ వదిలేసింది, పుట్టి బుద్ధెరిగి ఆవిడ పొట్లకాయ ముట్టుకున్నది లేదు. అత్తగారు అలాంటి మనిషి కారు. కాయల్లో వంకాయ, పళ్లలో కమలాపండు వదిలేసి, ఆకు దగ్గరికి వచ్చేసరికి టీ ఆకు అన్నారట. తోటకూరో గోంగూరో అనకుండా ఇదేం ఆకమ్మా అని అక్కడి పంతులుగారు తెల్లబోతే, ఇదీ చెట్టుకి మొలిచేదేగా అండీ అన్నారట.

పుణ్యం ఆవిడకి, ఇబ్బంది మాకు. నేను ఇన్సూరెన్సు ఆఫీసులో, మా ఆయన కాలేజీలో. సాయంత్రం ఇల్లు చేరి వరండాలో టీ తాగే కాసేపే మా ఇంట్లో మాటలుండే సమయం. కప్పుల చప్పుడు వినబడగానే అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోయేవారు. పాలు ఇస్తే పిల్లిలా పాలేంటి అనేవారు, కాఫీ వాసనే పడదు. భర్తా పోయి, ఊరూ మారి, రోజంతా ఒక్కరే ఇంట్లో ఉండి, మేం వచ్చాక కూడా గోడవైపు తిరిగి పడుకుంటుంటే నాకు భయం వేసింది. ఇలాగే వదిలేస్తే ఈ మనిషి మాకు దక్కదేమో అనిపించింది. ఏదో ఒకటి కప్పులో పోసి ఆవిడని ఆ వరండాలో మా పక్కన కూర్చోబెట్టాలన్న పంతం నాకు అలా పట్టుకుంది.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో అడిగితే కొట్లవాళ్లు డస్టు టీలో రకాలు చూపించారు. ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్లినప్పుడు ఒక కొట్టులో చైనా మల్లెపూల టీ డబ్బా కనబడితే, పూలు గదా, ఆకు కాదు గదా అని సంబరపడి కొనుక్కొచ్చాను. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, డబ్బాలోని చిన్న చిన్న ఉండల్లో ఒకటి తీసి గిన్నెలో వేసి, వేడినీళ్లు పోసి చూశారు. అది మెల్లిగా విచ్చుకుని చక్కటి ఆకై కూర్చుంది.

"ఈనెలు కనబడట్లేదూ? ఆకేనమ్మా ఇది. మల్లెపూల పక్కన పడుకుని వచ్చిందంతే."

లోకంలో పచ్చ టీ, నల్ల టీ, చైనాది, జపానుది అన్నీ ఆ ఒక్క చెట్టు ఆకేనని నాకు ఆ రోజు తెలిసింది. ఇంత చదువు చదివి ఇదేం తెలివి అని మా ఆయన నవ్వారు గానీ, ఆయనకీ తెలియదులెండి.

కాకినాడ దగ్గర కరెంటు ప్లాంటు కడుతుంటే మా మరిది అక్కడ ఇంజనీరు. విదేశాల ఇంజనీర్లు చాలామంది ఉండేవారక్కడ. నా గోల విని అతను ఒక జపాను ఆయన దగ్గర బియ్యం కలిపిన టీ పట్టుకొచ్చాడు. వేయించిన బియ్యం, మధ్యమధ్య పచ్చటి ఆకు. అత్తగారు దాన్ని చేటలో పోసుకుని చూసి, "బియ్యం ఏరుకుని తాగమంటావా ఏంట్రా?" అన్నారు. చాలారోజుల తర్వాత ఆవిడ నోట వచ్చిన హాస్యం అది, మేమందరం పగలబడి నవ్వాం. కానీ తాగలేదు.

మద్రాసులో కార్ల ఫ్యాక్టరీ పుణ్యమా అని కొరియా వాళ్లు చాలామంది దిగారనీ, వాళ్లకోసం ప్రత్యేకంగా సరుకుల కొట్లు వెలిశాయనీ కబురు తెచ్చిందీ మా మరిదే. మా ఆఫీసు ట్రైనింగుకి మద్రాసు వెళ్లినప్పుడు అడ్డమైన సందులూ తిరిగి ఒకటి పట్టుకున్నాను. లోపల ఎండుచేపల వాసన గుప్పుమంది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొట్టావిడకి తెలుగు రాదు, ఇంగ్లీషు రెండు ముక్కలు. టీ అంటే ఆకుల పెట్టెలు పరిచేస్తోంది. నేను గుమ్మంలోని పూలకుండీలోంచి ఒక ఆకు తెంపి, ఆవిడ ముఖం ముందు ఊపి, వద్దు వద్దని తల తిప్పాను. ఆవిడ ముందు కుండీవంక దిగులుగా చూసి, తర్వాత సంగతి అర్థమై ఒకటే నవ్వు. లోపలికి వెళ్లి ఒక సీసా, ఒక పాకెట్ తెచ్చింది.

సీసాలోది తేనెలో ఊరిన పండు తొక్కలు, వేడినీళ్లలో కలుపుకోవాలట. మూత తీయగానే కాశీలో వదిలేసిన కమలాపండు వాసన, ఇంకేముంది, అత్తగారు ముఖం తిప్పేసుకున్నారు. మా ఆయన దాన్ని జామ్ అనుకుని పెసరట్టు మీద రాసుకుని ఖాళీ చేశారు.

పాకెట్‌లోవి వేయించిన గింజలు. మర్నాడు సాయంత్రం గిన్నెలో పడేసి మరగబెడుతుంటే అడుగంటిన అన్నం లాంటి వాసన ఇల్లంతా కమ్ముకుంది. లోపల్నుంచి గొంతు వినిపించింది.

"బార్లీ వాసనొస్తోంది, ఎవరికే అమ్మాయ్ జ్వరం?"

"ఎవరికీ కాదత్తయ్యా. కొరియా వాళ్లు దీన్ని మంచినీళ్లలా తాగుతారంట."

వచ్చి, గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి కొరికి చూశారు. బార్లీ అంటే యవలేగా, దేవకార్యానికీ పితృకార్యానికీ పనికొచ్చేవి, వీటికేం దోషం అన్నారు. అని, కప్పు పుచ్చుకుని వరండాలోకి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. పంచదార వెయ్యకు, బాగోదు అన్నారు, అంతే.

ఆ తర్వాత ఆవిడ ఆ కుర్చీ వదల్లేదు. పాకెట్లు అయిపోతే మద్రాసు వెళ్లేవాళ్లనల్లా బతిమాలి తెప్పించేదాన్ని. ఒకరోజు మా ఆయన ఇంకా రాలేదు, మేమిద్దరమే ఉన్నాం. టీ మీద అంత ఇష్టం ఉండి ఎలా వదిలేశారత్తయ్యా అని మాటవరసకి అడిగాను. ఆవిడ కప్పు కింద పెట్టారు.

"ఆకుదేముందే. ఆ టీ మీ మామయ్యగారు పెట్టేవారు. డ్యూటీ నుంచి రాగానే వీధి తలుపేసి, ఆయనే కాచి నా చేతికిచ్చేవారు. మగాడు పొయ్యి దగ్గరున్నాడంటే క్వార్టర్సులో నవ్వుతారని పిల్లలక్కూడా తెలియనివ్వలేదు. ఆయన పోయాక ఇంకొకరి చేతి టీ గొంతు దిగలేదు. కాశీలో వంక దొరికింది."

మళ్లీ ఆవిడే, "ఇదంటావా, ఇది ఆయనకి తెలీదు. ఇది నీ చేతిదే" అని కప్పు నా ముందుకి జరిపి, ఇంకాస్త పొయ్యమన్నారు.

అత్తగారు పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఆ కొట్టులో, కందిపప్పుతో పాటు బార్లీ పాకెట్ కూడా ఒకటి తెచ్చుకున్నాను. వెతకనక్కర్లేదు, ఎవర్నీ బతిమాలనక్కర్లేదు, ఎవరి కుండీలో ఆకూ తెంపనక్కర్లేదు. ఈ రోజుల్లో మగవాళ్లు తలుపులు బార్లా తీసి మరీ టీలు పెడుతున్నారు, ఎవరూ నవ్వరు, అది మాత్రం మంచిదే. కాచుకుని, వరండాలో కూర్చుని తాగాను. రుచి అదే, ఏం మారలేదు. బాగుందని చెబుదామని పక్కకి తిరిగాను.