హీటరుకు జ్ఞానతల్లి

ఫిదెన్సియో అర్రియాగాకు ఉన్న జబ్బుకు అమెరికాలోని యాకిమా లోయ మొత్తంలో ఏ డాక్టరూ మందు రాయలేకపోయాడు. దాని పేరు మొహమాటం. భోజనాల బల్ల మీద ఉప్పు అవతలి కొసన ఉంటే ఇలా అందించండి అని అడగలేక, చప్పటి కూరే తిని లేచే రకం. మంగలి ఓ పక్క గీకేసి మరో పక్క వదిలేసినా చాలా బాగుందని మెచ్చుకుని, చేతిలో పైన రెండు డాలర్లు పెట్టి, ఇంటికొచ్చి టోపీ తగిలించుకున్నాడు. అంతెందుకు, పెళ్ళి చేసుకుందామని అడిగింది కూడా ఆయన కాదు, ఒతీలియాయే. పాపం, ఆవిడా చాలాకాలం ఎదురు చూసింది మరి.

వారమంతా ఆపిల్ పళ్ళు పెట్టెలకెత్తే షెడ్డులో మేస్త్రీ. ఆదివారం మాత్రం శాన్ ఇసిద్రో గుడిలో డీకన్. పెళ్ళాం పిల్లలున్న సంసారే అయినా పూజలో ఫాదర్ పక్కన నిలబడి సువార్త చదువుతాడు, పసివాళ్ళకు జ్ఞానస్నానాలు ఇస్తాడు. అక్కడ మాత్రం గొంతు గంటలా మోగుతుంది. దేవుడి మాటలు చెప్పడానికి మొహమాటం ఎందుకు, తనవి కావు కదా.

ఆ ఏడు ఆపిల్ కోతల మధ్యలో గుడి హీటరు చచ్చిపోయింది. బిషప్ గారి ఆఫీసు నుంచి కబురొచ్చింది: క్రిస్మసుకు ముందరి ఆగమన కాలం మొదలయ్యేలోగా కొత్తది పెట్టుకుంటే సరి, లేదంటే గుడికి తాళం, అందరూ పట్నం గుడికి పోవాలి. పట్నంలో స్పానిష్ పూజ సరిగ్గా అన్నాల వేళకు పెడతారు. కడుపు కాలుతుంటే ప్రార్థనేమిటి! ముసలి ఫాదర్ తనకు ఓపిక లేదని, చందాల పని ఫిదెన్సియోకు అప్పజెప్పాడు. ఎవరికి? ఉప్పు అడగలేని మనిషికి.

ఫాదరు పిచ్చివాడేం కాదు. అంతకుముందే ఫిదెన్సియోను యాకిమాలో జరిగే శిక్షణకు పంపించాడు. స్పానిష్ మాట్లాడే జనం మధ్య సేవ చేసే ఫాదర్లకూ, పాస్టర్లకూ, సిస్టర్లకూ విరాళాలు ఎలా అడగాలో నేర్పే తరగతులవి. నేర్పడానికి శాన్ ఆంటోనియో నుంచి రెబెకా అనే ఆవిడ వచ్చింది. మనిషి పిట్టంత, గొంతు కొండంత. ఆవిడ చెప్పింది ఒక్కటే ముక్క: కళ్ళలోకి చూడండి, ఎంత కావాలో చెప్పండి, నోరు మూసుకోండి. నోరు మూసుకోవడమే అన్నిటికన్నా కష్టమని కూడా చెప్పింది.

తర్వాత ఇద్దరిద్దరిని కూచోబెట్టి ఉత్తుత్తి చందా అడగమంది. ఫిదెన్సియోకు పాస్కో ఊరి పాస్టరు జోడీ అయ్యాడు. మనవాడు ముందు పాస్టరు భార్య ఆరోగ్యం అడిగాడు, పిల్లల చదువులు అడిగాడు, గుడి వ్యాను ఎలా నడుస్తోందని అడిగాడు. టైరు పేలి మూలపడిందని తెలిసి, అయ్యో అనుకుని, జేబులోంచి నిజం డాలర్లే ఇరవై తీసి ఇచ్చేశాడు. రెబెకా కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వాక ఆయన్ను పక్కకు పిలిచింది.

"డీకన్ గారూ, అడిగేదీ మీరే, వెంటనే 'పోన్లెండి, వీల్లేకపోతే వద్దు' అనేదీ మీరే. కాదనే హక్కు వాళ్ళది. అది వాళ్ళ నోట్లోంచి లాగేసుకోకండి."

ఆ మాట రాసుకుని ఇంటికొచ్చాడు. రాసుకుంటే జబ్బు పోతుందా? పళ్ళతోటల కాంట్రాక్టరు దోన్ అబుందియో దగ్గరికి వెళ్ళి, ఎంత కావాలో చెప్పాడు, నోరు మూశాడు. అబుందియో గడ్డం గోక్కుంటూ ఆలోచనలో పడ్డాడు. ఆ కాస్త నిశ్శబ్దానికే ఫిదెన్సియో ఉక్కిరిబిక్కిరై, వచ్చే ఏడు చూద్దాం లెండి అనేసి, ఆయన ఇచ్చిన బేరిపళ్ళ బుట్ట నెత్తినెత్తుకుని ఇల్లు చేరాడు.

ఒతీలియా బుట్ట వంకా మొగుడి వంకా చూసింది. "మనమ్మాయి పదిహేనో పుట్టినరోజుకి ఊళ్ళో సగం మందిని జ్ఞానతల్లులుగా, జ్ఞానతండ్రులుగా ఉండమన్నావు కదా, అప్పుడేమైంది ఈ సిగ్గు?"

"అది అడగడమా? అది పిలవడం" అన్నాడు ఫిదెన్సియో.

"అయితే ఇప్పుడూ పిలువు."

నిజమే. వాళ్ళలో ఆడపిల్ల పదిహేనో పుట్టినరోజైనా, పెళ్ళయినా ఖర్చంతా ఒక్క నెత్తిన పడదు. కేకుకో జ్ఞానతండ్రి, చెప్పులకో జ్ఞానతల్లి, బాజా వాళ్ళకు ఇంకొకరు. ఇంటికొచ్చి పిలిస్తే గౌరవం. పిలవకపోతే ఏడాదిపాటు మూతి ముడుపు. ఫిదెన్సియో మళ్ళీ బయల్దేరాడు. హీటరు పెట్టెకు జ్ఞానతండ్రిగా ఉండమనేసరికి అబుందియో ఛాతీ ఉబ్బి, ఆలోచించకుండా సరేనన్నాడు. గొట్టాలకు షెడ్డులో పనిచేసే ఆడవాళ్ళు కలిసి తల్లులయ్యారు. వేడి పెంచే మీటకు రొట్టెల బట్టీ సెవేరో తండ్రయ్యాడు, ఆ మీట ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకోనని అప్పుడే హెచ్చరించాడు. మంటకు, అంటే తొలి నెల గ్యాసుకు, ఎవరినీ పిలవలేదు. అది గుట్టుచప్పుడు కాకుండా తనే కట్టేద్దామనుకున్నాడు. హీటరు వచ్చి బిగింపు కూడా అయిపోయింది.

గుడి నిలిచిందని ఊరంతా సంబరపడుతుంటే, ముందు వరసలో దోన్యా నికనోర చోటు ఖాళీగా కనిపించింది. తెల్లారకముందే షెడ్డు గేటు దగ్గర కుండతో నిలబడి తమాలెలు అమ్ముకునే ముసలమ్మ. జొన్నపొత్తు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన ఆ పిండి ముద్దలు తినకుండా ఆ ఊళ్ళో ఎవరూ పనిలోకి దిగరు. మరుసటి వారమూ రాలేదు. పట్నం గుడికి పోతోందట. ఎవరు కట్టించిన గుడిని వదిలి? మొగుడూ తనూ ఇటుకలు మోసిన గుడిని.

ఎవరిని పిలవలేదో ఒకసారి ఆలోచించుకోమంది ఒతీలియా. ఫిదెన్సియో గతుక్కుమన్నాడు. ఒంటరి ముసలావిడ, మోకాళ్ళ నొప్పులు, అద్దె ఇల్లు. పాపమని వదిలేశాడు. ఆ సాయంత్రమే వెళ్ళాడు.

నికనోర రేకులకు పిండి రాస్తోంది. కూచోమంది, పళ్ళెంలో తమాలెలు పెట్టింది, ముందు ఒకటి తినమంది. ఆయన క్షమాపణ ఎత్తుకోబోతే అప్పుడంది.

"ఈ ఊళ్ళో ప్రతి పెళ్ళికీ నా తమాలెలు కావాలి. మా ఆయన పోయాక జ్ఞానతల్లిగా రమ్మని ఒక్క గుమ్మం పిలిచిందా? జాలిట, జాలి! నా దగ్గర లేకపోతే లేదని నేను చెప్పుకోలేనా నాయనా? నా బదులు కాదనడానికి నువ్వెవరు?"

ఫిదెన్సియోకు రెబెకా గుర్తొచ్చింది. అబుందియో దగ్గర పడిన సిగ్గుకన్నా వెయ్యిరెట్లు సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, ఆవిడ కళ్ళలోకి చూశాడు. "దోన్యా, హీటరులో మంటకు తల్లి లేదు. మీరుండాలి." తొలి నెల గ్యాసుకు ఎంతవుతుందో ఒక్క డాలరు తగ్గించకుండా చెప్పాడు. నోరు మూశాడు.

ముసలమ్మ ఇంకో రేకు తీసింది. నింపాదిగా పిండి రాసింది, కూర పెట్టింది, మడిచింది. పొయ్యి మీద కుండ గలగలమంటోంది. వీల్లేకపోతే వద్దు లెండి అన్న మాట ఫిదెన్సియో గొంతు దాకా వచ్చేసింది. దిక్కుతోచక పళ్ళెంలో ఉన్న తమాలె మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. చెమటలు పడుతున్నాయి, కళ్ళు తేలేస్తున్నాయి, నోరు మాత్రం తెరవలేదు.

"సరే, ఉంటాను" అంది నికనోర.

ఆగమన కాలపు తొలి ఆదివారం బయట మంచు పడుతోంది. గుడి లోపల రొట్టెల బట్టీలా ఉంది. నికనోర ముందు వరసలో, సరిగ్గా వేడిగాలి వచ్చే జాలీ పక్కన కూచుని, శాలువా తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. వచ్చినవాళ్ళనల్లా వేడి చాలుతోందా అని పెళ్ళిపెద్దలా పలకరిస్తోంది. పూజ బట్టల కింద ఫిదెన్సియో చొక్కా తడిసి ముద్దయింది. పూజ మొదలవకముందే సెవేరో దగ్గరికి వెళ్ళి మీట కాస్త దించుతావా అని అడిగాడు. మంట ఆవిడది, ఆవిణ్ణే అడగమన్నాడు సెవేరో.

ఫిదెన్సియో వెళ్ళి నికనోర ముందు నిలబడ్డాడు. "దోన్యా, ఉడికిపోతున్నాను. వేడి కాస్త తగ్గించమంటారా?" అని అడిగి, నోరు మూసుకున్నాడు.

నికనోర ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. గుడంతా ఒకసారి కలయజూసింది. తీరిగ్గా ఆలోచించింది.

"వద్దు" అంది.