మాడసామి ఎడమ చెయ్యి

కోయంబత్తూరులో సింగానల్లూరు దాటాక, మిల్లుల వెనక, కార్పొరేషన్ పారిశుధ్య కార్మికుల లైను ఇళ్లున్నాయి. వాకిట్లో తమిళం, తలుపు మూస్తే తెలుగు. ఆ తెలుగు ఎన్ని తరాల కిందట అక్కడికి చేరిందో ఎవరికీ తెలియదు. దాన్ని చదవడం ఒక్కరికీ రాదు, దాంట్లో తిట్టడం మాత్రం అందరికీ వచ్చు. ఆ లైనులో ఉండే అముద ఇరవై ఎనిమిదేళ్ల వయసులో స్పిన్నింగ్ మిల్లు పని మానేసి, కమ్యూనిటీ కాలేజీలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ కోర్సులో చేరింది. ఆ పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. ‘ఆస్పత్రి చదువు’ అని తమకు వీలైన పేరు పెట్టేసుకున్నారు. సూది వేస్తుందా అంటే వెయ్యదు, మందు రాస్తుందా అంటే రాయదు, మరి ఈ పిల్ల ఏం చేస్తుందని పక్కింటి వల్లియమ్మాళ్‌కు చాలాకాలం అనుమానం.

చొక్కా బొత్తాం పెట్టుకోవడం, దువ్వెన పట్టుకోవడం, ముద్ద నోటిదాకా తెచ్చుకోవడం. జబ్బు చేసి ఇలాంటి పనులకు దూరమైనవాళ్ల చేత మళ్లీ వాటిని చేయించడమే ఆ చదువు. అముదకు దాని మీద మనసు పడడానికి కారణం ఇంట్లోనే ఉంది. ఏడాదిన్నర కిందట తండ్రి మాడసామికి పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది. కాలు కాస్త ఈడుస్తూనైనా నడుస్తోంది. కుడిచెయ్యి మాత్రం ఎక్కడ పెడితే అక్కడే పడి ఉంటుంది. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఒకావిడ వచ్చి, ఆ చేత చిన్న చెక్కముక్కల్ని పలక కన్నాల్లో పెట్టించి, తీయించి, మళ్లీ పెట్టించేది. ఎవరూ ఆగని ఆ మంచం దగ్గర ఆవిడ తాపీగా కూర్చునేది. అముద తండ్రి కంటే ఆవిడనే ఎక్కువ చూసింది.

ఇంట్లో మాడసామికి అన్నం తినిపించేది భార్య పొన్ను. తెల్లవారకముందే చీపురు పట్టుకుని వీధులూడ్చే పనికి పోయి, ఎండెక్కాక వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం కలిపి మొగుడి నోట్లో పెట్టేది. ఆయన చివరి ముద్ద మింగాకే తను కంచం ముందు కూర్చునేది. అప్పటికి అన్నం చల్లారి గట్టిపడేది. అయినా ఆ పనిని ఆమె ఎవరికీ వదిలేది కాదు. కట్టుకున్నవాడికి తినిపించడం ఆమెకు బరువు కాదు, గౌరవం.

“నాయినను ఆయన చేత్తోనే తిననీ అమ్మా,” అని ఒకసారి అముద అంటే, “ఏం, నేను చచ్చిపోయినానా?” అంది పొన్ను. ఆ మాటతో ఆ సంగతి అక్కడికి ముగిసింది.

కానీ అముద ఊరుకునే రకం కాదు. కుడిచెయ్యి ఇక పెద్దగా రాదని డాక్టర్లు చెప్పేశారు. అలాంటప్పుడు ఎడమ చేతికి నేర్పాలని కాలేజీలో చెప్పారు. చెంచా కాడకు స్పంజీ చుట్టి, దాని మీద పాత సైకిలు ట్యూబు తొడిగి పట్టు లావు చేసింది. కంచం జారకుండా కింద తడిగుడ్డ పరిచింది. పొద్దున తల్లి పనికి పోయాక, తలుపు దగ్గరగా వేసి, తండ్రి ఎడమ చేతిలో ఆ చెంచా పెట్టింది. మొదట్లో సగం ఇడ్లీ చొక్కా మీదే ఉండేది. రానురానూ నోటికి చేరసాగింది.

“మీ అమ్మకు చెప్పబాకు అమ్మిణి,” అనేవాడు మాడసామి, మూతి తుడుచుకుంటూ.

అముద పొంగిపోయింది. కోర్సు చివర్లో ప్రతి ఒక్కరూ ఒక మనిషిని ఎంచుకుని, ఆ మనిషి ఏం చెయ్యగలిగాడో టీచరు ముందు చెప్పాలి. తను ఎంచుకున్నది తండ్రినే. ఇక చెప్పడానికి ఏం మిగిలింది, తన చేత్తో తను తింటున్నాడు కదా అనుకుంది. ఆ తొందరలోనే పప్పులో కాలేసింది.

వీధి చివర ఆండియప్ప మనవరాలికి చెవులు కుట్టారు. షామియానా వేసి, అరిటాకులు పరిచి భోజనాలు పెట్టారు. జబ్బు చేశాక మాడసామి పంక్తిలో కూర్చోవడం అదే మొదలు. పొన్ను వంట దగ్గర ఉంది. అముద సంచిలోంచి ఆ లావుకాడ చెంచా తీసి, అందరూ చూస్తుండగా తండ్రి ఎడమ పక్కన, ఆకు మీద పెట్టింది. ఎదుటి వరసలో ఎవరో ఒకతను మెల్లగా నవ్వాడు. మాడసామి ఆ చెంచా వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉండగా లేచి, కాలీడ్చుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

పంక్తిలోంచి తినకుండా లేవడమంటే ఆ ఇళ్లలో చిన్న సంగతి కాదు. ఆండియప్ప నొచ్చుకున్నాడు. పొన్ను కూతుర్ని నలుగురిలో ఏమీ అనలేదు, ఇంటికొచ్చాక మాత్రం దులిపేసింది. ఆ రోజు నుంచి మాడసామి గడప దాటలేదు. తలుపు వేసినా సరే, చెంచా ముట్టుకోలేదు. పొన్ను పెడితే తిన్నాడు, లేకుంటే లేదు.

అముదకు సిగ్గూ, కోపమూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. చదువు మానేద్దామనిపించింది. కాలేజీలో టీచరు జెబమలర్‌ది మధురై. వాళ్లింట్లోనూ తెలుగే. క్లాసులో తమిళమూ ఇంగ్లీషూ మాట్లాడినా, అముద ఒక్కతే ఉంటే తెలుగులోకి వచ్చేది. జరిగిందంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

“నీకు ఏం చెయ్యాలని ఉండాది అంటే మీ నాయిన ఏమన్నాడు?”

అముద ఆ మాట తండ్రిని అడగనే లేదు. ఎవరికైనా ఏదైనా నేర్పేముందు ఆ ప్రశ్న అడగాలని కోర్సులో మొట్టమొదట చెప్పారు. సొంత తండ్రి కదా, అడిగేదేముంది అనుకుంది. బయటివాళ్లయితే అడిగి ఉండేదే.

ఆ సాయంత్రం గడప లోపల తండ్రి పక్కన కూర్చుని అడిగింది. “నాయినా, నీకు ఏం చెయ్యాలని ఉండాది?”

మాడసామి వేరే ఎక్కడినుంచో మొదలుపెట్టాడు.

“మా నాయిన నాయుడుగారి తోటలో పని చేస్తా ఉండె. పండగ నాడు లోపల అందరూ ఆకులేసుకుని తినేవాళ్లు. మేము తొట్టి పక్కన నిలబడి దోసిలి పట్టేది. పైనుంచి పోసేవాళ్లు. వాళ్లదీ తెలుగే, మనదీ తెలుగే. దోసిలి మాత్రం మనది.” పక్కన పడి ఉన్న కుడిచేతిని ఒళ్లోకి లాక్కున్నాడు. “మన మారియమ్మ కోయిలు కట్టినాక మనకూ పంక్తి వచ్చె. దాంట్లో కూర్చుని, ఏ చేత్తో కడుక్కుంటామో ఆ చేత్తో తినమంటావా నన్ను?”

అముద తల వంచుకుంది. ఇది తనకు తెలియని కథేమీ కాదు. చెంచా ఆకు మీద పెట్టినప్పుడు గుర్తు రాలేదు, అంతే.

“తినడం ఎవడికి కావాల?” అన్నాడు మాడసామి. “మీ అమ్మ పెడతా ఉండాది కదా. నాకు వడ్డించాల అమ్మిణి.”

నిజమే. జబ్బు చెయ్యకముందు లైనులో ఏ విందు జరిగినా రసం బకెట్ మాడసామిదే. ఆయన వడ్డిస్తే మొదటి ఆకుకు ఎంతో చివరి ఆకుకూ అంతే. పిల్లాడికీ పెద్దవాడికీ ఒకటే గరిటె. ఎవరినీ దోసిలి పట్టనివ్వని మనిషి ఆయన.

ఆ మాటలు అముద మనసులో నానుతూనే ఉన్నాయి. మర్నాడు బస్సులో నిలబడి, వడ్డించేవాళ్ల చేతుల్ని గుర్తు చేసుకుంది. గరిటె పట్టేది కుడిచెయ్యి. బకెట్ మోసేది ఎడమ చెయ్యి. ఎన్నో ఏళ్లుగా ఆ పంక్తిలో నాయిన ఎడమ చెయ్యి అందరి ముందూ పని చేసింది. దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు.

జెబమలర్ విని సంతోషించింది కానీ, రసం మాత్రం కుదరదంది. కాలు తూలితే మీద పడుతుంది, వేడిది వద్దు, మజ్జిగ అయితే సరే, అదీ సగం బకెట్ అంది. ఎప్పుడూ రసం వడ్డించిన మనిషిని మజ్జిగకు దింపడమా అని అముద భయపడింది. ఆయన మాత్రం, “మోరు అయితే ఏం, చివరాకు దాకా పోవాల,” అన్నాడు.

గరిటె పట్టేదెవరు? ఆ మాట వచ్చినప్పుడు పొన్ను గిన్నెలు తోముతోంది. తల ఎత్తకుండానే, “ఇంకెవరు పడతారు?” అంది.

మారియమ్మ పండగ దాకా ఇళ్ల మధ్య సందులో సాధన జరిగింది. బకెట్‌లో నీళ్లు, కిందంతా వరసగా పెట్టిన పాత కంచాలు. మాడసామి ఒక అడుగు వేసి ఆగాలి, పొన్ను వంగి పొయ్యాలి, అప్పుడు రెండో అడుగు. మొదట్లో ఆయన ఆగేలోపు ఆమె ముందుకు పోయేది. ఒకనాడు వల్లియమ్మాళ్ పెట్టిన ముగ్గంతా కొట్టుకుపోయింది. ఆమె తిట్టిన తిట్లు లైనంతా వినిపించాయి. చేతికి నేర్పాల్సింది ఏమీ లేదు, నేర్పాల్సిందల్లా కాలికీ మొగుడూపెళ్లాలకూ అని అముదకు అర్థమైంది. పడితే పట్టుకోవడానికి ఆయన కుడిపక్కనే నడిచింది తప్ప, బకెట్ మీద చెయ్యి వెయ్యలేదు. అలా వెయ్యకుండా ఉండడం ఆమెకు చదువంతటిలోకీ కష్టమైన పాఠం అయింది.

పండగ నాడు మారియమ్మ గుడి ముందు పంక్తి వేశారు. అన్నం, సాంబారు, రసం అయ్యాక మజ్జిగ వంతు వచ్చింది. ఎడమ చేత బకెట్ పట్టుకుని మాడసామి వచ్చాడు, పక్కన గరిటెతో పొన్ను. ఒకడు, “మొగుడూపెళ్లాం కలిసి సంసారమే కాదు, మజ్జిగ కూడానా మామా?” అన్నాడు. వరసంతా నవ్వింది. ఆ నవ్వులో మాడసామి కూడా ఉన్నాడు. అడుగు వేసి ఆగాడు, ఆగి అడుగు వేశాడు. ఆండియప్ప ఆకు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు. ఆండియప్ప పైకి చూడకుండానే, “ఇంకొంచెం పొయ్యి,” అన్నాడు. చివరి ఆకు దాకా మజ్జిగ వెళ్లింది.

వడ్డించినవాళ్లు అందరికంటే చివర్న తింటారు. షామియానా వెనక, పొయ్యిల పక్కన, వరసా గిరసా ఏమీ లేకుండా, ఒకడు బోర్లించిన గంగాళం మీద, ఒకడు బియ్యం బస్తా మీద కూర్చుంటారు. అక్కడ ఎవరి చేతులు ఎవరూ చూడరు, అందరికీ ఆకలే. మాడసామి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. పొన్ను అలవాటుగా ఆయన పక్కన కూర్చుని, ఆకులో అన్నం కలపడం మొదలుపెట్టింది.

“అమ్మిణి, అది తెచ్చినావా?” అన్నాడు మాడసామి.

అముద తెచ్చింది. ఈసారి సంచిలోంచి బయటికి మాత్రం తియ్యలేదు, అడిగితేనే ఇద్దామనుకుంది. ఇచ్చింది. ఆయన లావుకాడ చెంచాను ఎడమ చేత పట్టుకుని, సాంబారన్నం తీసుకుని, నోట్లో పెట్టుకున్నాడు. కొంత గడ్డం మీద పడింది. గరిటెలు కడుగుతున్నవాళ్లెవరూ తల తిప్పలేదు.

పొన్ను చేతిలో ముద్ద సిద్ధంగా ఉంది. ఆయన నోటివైపు సగం దూరం పోయి అక్కడే ఆగింది. ఆమె మొగుణ్ణి చూసింది, ఆ ముద్దను చూసింది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుంది. తల్లి చెయ్యి పట్టుకుని ఏదైనా చెప్పాలనిపించింది అముదకు. సంచి మూతి ముడేసుకుని కూర్చుంది.

పొన్ను ఆ ముద్ద తన నోట్లో పెట్టుకుంది.

“సాంబారు ఇంకా వేడిగానే ఉండాది,” అంది.