గంజి పెట్టిన నూలు

యుద్ధం రోజుల్లో గద్వాలలో మా మగ్గం మూలపడింది. నూలు దొరకడమే గగనమైంది. నేను పట్నం పోయి విమానాలు బాగుచేసే షెడ్డులో చేరాను. అక్కడ నా పనేమిటో చెబితే ఇప్పటికీ నవ్వుతారు. విమానం రెక్క మీద బెత్తెడు బెత్తెడు దారాలు జిగురుతో అతికించడం!

ఆ పని చేయించింది మా ఇంజనీరు దొర. పెద్ద ఫ్యాను పెట్టి రెక్క మీదికి గాలి కొట్టించేవాడు. దారం పడుకుంటే గాలి సాఫీగా జారుతున్నట్టు. లేచి గింగిరాలు తిరిగితే అక్కడ గాలి చెదిరి విమానాన్ని వెనక్కి గుంజుతున్నట్టు. ఆ గుంజుడు తగ్గితే పెట్రోలు మిగులుతుంది. రెక్క విమానం ఒంటికి కలిసే మూలలో మాత్రం దారాలు ఎప్పుడూ ఎగిరెగిరి పడేవి. దొర ఆ మూలను రేకుతో నున్నగా పూడ్చాడు.

"దారాలు అయిపోయినయ్. మీ ఇంటికాడికెల్లి జర సన్న నూలు తే, మల్ల చూద్దాం" అన్నాడు.

ఊరికి పోతే అమ్మ దాచుకున్న చివరి నూలు కండె తీసింది. గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టి మరీ ఇచ్చింది.

"గంజి పెట్టని పచ్చి నూలెట్ల ఇస్తర్రా? నేసేటోల్ల ఇంట్లకెల్లి గట్లిస్తె నలుగురు నవ్వరా?"

నేనూ నేతవాణ్ణే కదా, నాకూ తప్పనిపించలేదు.

షెడ్డుకు తెచ్చి ఆ మూలంతా అతికించాను. ఫ్యాను తిరిగింది. ఒక్క దారం కదల్లేదు. దొర ఎగిరి గంతేసి నా వీపు చరిచాడు. "శభాష్! చూసినవా, గాలి ఎట్ల జారుతుందో!"

ఒక దారాన్ని వేలితో తాకాను. పుల్లలా ఉంది. గంజి! గాలి ఎంత చెదిరినా అది లేవదు. చెబుదామని నోరు తెరిచాను కూడా. దొర చెయ్యి ఇంకా నా వీపు మీదే ఉంది. జన్మలో నన్నెవరూ అట్లా మెచ్చుకోలేదు. చెబితే వెళ్లగొడతాడు, మళ్లీ ఆ ఖాళీ మగ్గమే గతి. నోరు మూసుకున్నాను. థూ, నా బతుకు!

"వచ్చే ఐతారం నేనే నడుపుత. మీ గద్వాల దాక పోయి మల్లొస్త. పెట్రోలు తక్కువ పోయిస్త, చాలుతది. మీ అమ్మను పైకి చూడమను" అన్నాడు.

ఇంటికి కార్డు రాశాను. ఆదివారం దాకా నిజం చెప్పడానికి వంద సార్లు వీలు చిక్కింది.

విమానం తిరిగి రాలేదు. వచ్చే దారిలో బిజినేపల్లి అవతల జొన్న చేలల్లో పడింది. దొర దక్కలేదు. ట్యాంకులో చుక్క లేదన్నారు. ఎదురుగాలి వల్లేనని కాగితాల్లో రాసుకున్నారు. అప్పుడూ నేను నోరు మెదపలేదు.

నెల తర్వాత ఊరికి పోయాను. అక్కడికి ఆ కబురే చేరలేదు. అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"చూసిన బిడ్డా! మన ఇంటి మీదికెల్లే పోయింది. నా నూలుతోనే గట్ల ఎగిరిందని వాడకట్టంత చెప్పిన. మల్లెప్పుడొస్తడంట దొర?"

నేను తల దించుకుని చెప్పులు విడిచాను.

"ఏందిరా, నూలు మంచిగ లేకుండెనా?"

"మంచిగుండె అమ్మా."

"అయితే దొరకు చెప్పు. ఈపారి ఇంకింత చిక్కటి గంజి పెడ్త."