తూటా దూరిందన్న కారు

మా సీమ గురించి బయటివాళ్లు ఏమనుకుంటారో నాకు తెలుసు. ఇక్కడ ఏ కారు డిక్కీ తెరిచినా బాంబులే ఉంటాయని వాళ్ల నమ్మకం. అలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మంట. ముప్పై ఏళ్లు కర్నూలులో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన వాణ్ని. ఏ ముక్క చెప్పినా "ఎవరు చెప్పారు? ఆధారం ఏది?" అని అడిగి వాళ్లను వేధించిన వాణ్ని. అంతటి నేను, నందికొట్కూరులో ఒక పాత ఇనుము వ్యాపారి రెండు రంధ్రాలు చూపించగానే గంగిరెద్దులా తలూపాను.

రిటైరయ్యాక ఒక పాత కారును నా చేతులతో బాగుచేసుకోవాలని కోరిక. ఆ వ్యాపారి దగ్గర ఒక అంబాసిడర్ ఉంది. టైర్లు లేవు, సీట్లు లేవు, అసలు కాగితాలు పోయాయట. ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య ఉండే ఇనుప స్తంభానికి, రెండు పక్కలా ఒకే ఎత్తున, వేలు పట్టేంత రంధ్రాలు.

"రాయచోటి పక్క పెద్ద లీడర్ కారు సార్ ఇది. గుండు ఈడ దూరి ఆడ తేలింది. నడుమ మనిషి ఉండాడు," అన్నాడు.

"ఎవరా మనిషి?"

"పేర్లు చెప్పకూడదు సార్."

పేరు చెప్పకపోవడమే నాకు గొప్ప ఆధారంగా తోచింది. సిగ్గులేని బుర్ర!

కారు మా షెడ్డుకు చేరాక మా బావమరిది పండగ చేసుకున్నాడు. రోజూ ఎవరో ఒకర్ని వెంటబెట్టుకొచ్చేవాడు. చదువుకున్నవాళ్లు, మనవళ్లను ఎత్తినవాళ్లు, వరసగా నిలబడి ఆ రంధ్రంలో వేలు పెట్టి చూసేవాళ్లు. ఒక పెద్దమనిషి వేలు పెట్టి కళ్లు మూసుకున్నాడు కూడా. వాళ్ల వెర్రి చూసి లోలోపల నవ్వుకుంటూనే నేను కథకు నగిషీలు చెక్కాను. "డ్రైవరు కూడా పోయాడు పాపం, స్టీరింగు మీదే తల వాల్చేశాడు" అన్న ముక్క వ్యాపారి చెప్పింది కాదు. అది నేను కలిపింది. సరిగ్గా అది చెబుతున్నప్పుడే మా బావమరిది నన్ను ఫోనులో వీడియో తీసి ఊళ్ల మీదికి వదిలాడు.

నా గాలి తీసింది టింకరింగ్ మేస్త్రీ. తలుపు లోపలి అట్ట ఊడదీయగానే తెల్లటి పొడి జలజలా కాళ్ల మీద రాలింది. అతను దాన్ని వేళ్ల మధ్య నలిపాడు.

"ఇది బేతంచెర్ల పొడి సార్. బండలు పాలిష్ పట్టేటప్పుడు లేస్తాది. ఈ కారు ఆడ శానా ఏండ్లు తిరిగిండాది."

"రాయచోటి లీడర్ది కదప్పా?"

"రాయచోటిలో ఈ పొడి యాడిది సార్?" అని తన పని తాను చూసుకున్నాడు.

మర్నాడే బేతంచెర్ల వెళ్లాను. లీడర్‌కు అక్కడ క్వారీ ఉండి ఉంటుందిలే అని దారంతా సర్దిచెప్పుకున్నాను. కథ మీద అంత మమకారం. రైల్వే స్టేషన్ బయట ఆటోవాళ్లకు కారు ఫోటో చూపించాను.

"ఇది మన ముసలాయన బాడుగ కారు గదప్పా!" అన్నాడొకడు నవ్వుతూ. "ఎవరో సారు ఫోనులో ఆయన్ని సంపేసినాడే, ఆ కారు." అంటూనే నా మొహంలోకి తేరిపార చూశాడు. నవ్వడం మానేసి, చేత్తో ఇల్లు చూపించాడు.

చచ్చిన డ్రైవరే తలుపు తీశాడు. తలమీద తెల్ల టోపీ, చేతిలో టీ గ్లాసు. వెనకే ఆయన కూతురు, ముప్పై దాటిన మనిషి, నన్ను చూడగానే గుర్తుపట్టేసింది. నేను రంధ్రాల మాట ఎత్తాను. ముసలాయన మామూలుగా చెప్పుకుపోయాడు.

"క్వారీల కాణ్ణుంచి ఆడోళ్లను కాన్పుకు కర్నూలుకు తోలుకపోతాంటి. ఆ గుంతల్లో పట్టుకునేదానికి వాళ్లకేమీ లేకపాయ. అందుకని బండలకు బెజ్జమేసే డ్రిల్లుతో రెండు పక్కలా పొడిపించి, అడ్డంగా పైపు బిగిస్తి. కారు అమ్మినా గానీ, పైపు అమ్మలేదు."

వాకిలికి పరదా వేలాడుతోంది. ఆ పరదాను కట్టింది ఆ పైపుకే.

"మా యమ్మ నన్ను కనింది ఆ కారులోనే," అంది కూతురు. "కర్నూలు రాకముందే, ఈ పైపు పట్టుకొని. దాంట్లో మనిషిని సంపినారని, మా నాయన సచ్చిపోయినాడని ఊరంతా చూస్తాండారు. సదువు చెప్పే సారువంట. నీకు ఎవరు చెప్పినారు సార్?"

నా ప్రశ్నే. నా జన్మలో ఏ పిల్లవాడూ దాని ముందు ఇంత అధ్వానంగా నిలబడి ఉండడు. తప్పయిందన్నాను. "ఆ మాట ఫోనులో చెప్పు," అంది.

కారు నడిచే స్థితికి వచ్చిన రోజున నేరుగా బేతంచెర్లకే తీసుకెళ్లాను. ముసలాయన పరదా ఊడదీసి, పైపు తెచ్చి రంధ్రాల్లో దూర్చాడు. బిగుతుగా కూర్చుంది. నేను తప్పయిందని చెబుతుంటే కూతురే వీడియో తీసింది. తర్వాత తండ్రిని స్టీరింగు ముందు కూర్చోబెట్టింది.

"నేను సావలేదు," అన్నాడాయన ఫోను వైపు చూస్తూ. "ఈ కారులో ఎవురూ సావలేదప్పా. పుట్టినారు."

తర్వాత పైపు తీసుకుని లోపలికి వెళ్లి మళ్లీ పరదా కట్టాడు. నేను అడిగినా ఇవ్వలేదు, ఇవ్వకపోవడమే న్యాయం. ఆ వీడియో చూసి మా బావమరిది మొహం మాడ్చుకున్నాడు. "కాన్పుల కారును ఎవరు చూస్తారు బావా?" అన్నాడు. నిజంగానే ఎవరూ చూడలేదు. వేలు పెట్టి కళ్లు మూసుకున్న పెద్దమనిషి మళ్లీ మా షెడ్డు ఛాయలకు రాలేదు.

మొదటి వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో నేను ఆ ముసలాయన్ని రోజూ చంపుతూనే ఉన్నాను.