కుంకుమ బొట్టుకు ఆగిన మిషన్

దసరా మరునాడు రిఫా అనే అరబ్బుల పట్నంలో ఒక విల్లా పచ్చిక మీద లచ్చన్న గడ్డి కోసే మిషన్ గుర్రుమంటోంది గాని అడుగు కదలడం లేదు. కత్తి తిరుగుతోంది, చక్రాలే మొండికేశాయి. మూడేళ్లు పారతో మన్ను తవ్వి నడుం పోగొట్టుకున్న లచ్చన్నకు ఈ మిషన్ చేతికొచ్చి నాలుగు నెలలు.

"పగటి బువ్వ యాళ్లకు నడవకుంటే షెడ్డుకు పంపుత. రేపటి సంది నీకు మల్ల పారనే," అన్నాడు ఫోర్‌మన్ ముఖేష్, జగిత్యాల మనిషి.

"పంపకు. నేనే జూస్త."

"దాని కడుపుల ఏముందో నీకెరుకనా?"

"నిన్ననే జూసిన."

చూసిన మాట నిజమే. పనిముట్టుకు పండగ చేయకపోతే తెలంగాణ మనిషికి ముద్ద దిగదు. నాగలైనా ఆటో అయినా దసరా పూట బొట్టు పెట్టించుకోవలసిందే. అందుకే లచ్చన్న అడుగు రేకు విప్పి, గడ్డి దులిపి, లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేన్ని చూసి మురిసి, నూనెలో కుంకుమ రంగరించి ఐదు బొట్లు పెట్టాడు.

సల్మాబాద్‌లో ఉండే మెకానిక్ ప్రేమయ్యకు ఫోన్ చేసి నిన్నటి బొట్ల సంగతి చెప్పాడు. ఆయనది భీమవరం వైపు.

"పళ్లేనికి నూనె పెట్టావా? అందులో పళ్ల చక్రాలు లేవయ్యా లచ్చన్నా. ఇంజను పళ్లేన్ని తిప్పుద్ది. దాన్ని ఒరుసుకుని నిలబడ్డ రబ్బరు చక్రం బండిని నడుపుద్ది. ఆ ఒరిపిడే దాని ప్రాణం. నువ్వేమో జిడ్డు రాసి మొక్కావు."

"మరి స్పీడెట్ల మారుతది?"

"లివరు లాగితే రబ్బరు చక్రం పళ్లెం మీద జరుగుద్ది. నడిమధ్యన కదలదు, అంచుకి పోయేకొద్దీ వేగం."

"కల్లంల వరి మీద ఎడ్ల బంతి తిప్పినట్టు. గుంజ కాడి ఎద్దు మెల్లగ, కొసది ఉరుకుడు."

"అదే. నడిమి దాటించి అవతలికి తోస్తే బండి వెనక్కి పోద్ది."

"ఎద్దుకు రాని ఇద్దె."

ఇంజన్ చల్లారనిచ్చి, ప్లగ్ వైరు పీకి, లచ్చన్న మళ్లీ రేకు విప్పాడు. థిన్నర్ గుడ్డతో తుడిచినకొద్దీ ఎర్రటి జిడ్డు వచ్చింది. రేకు బిగించి నడిపితే రెండు బారలు పోయి మళ్లీ జారింది. జిడ్డు రబ్బరులోకీ ఇంకిందని అప్పుడు తెలిసింది. మళ్లీ విప్పాడు. నున్నబడ్డ రబ్బరు అంచును, నల్లటి పొడి రాలి గరుకు తేలేదాకా ఉప్పు కాగితంతో రుద్దాడు. మసీదులో మధ్యాహ్నం బాంగు వినిపించినా తలెత్తలేదు.

ముఖేష్ వచ్చేసరికి మిషన్ గోడ వైపు సాగుతోంది.

"ఏమైండె దీనికి?"

గడ్డి ఇరుక్కుందని అబద్ధమాడితే సరిపోయేది, కాని లచ్చన్న ఉన్నదే చెప్పాడు. "నూనె నేనే పెట్టిన, నేనే కడిగిన. ఇగ దీని రేకు ఇంకొకలు ఇప్పద్దు."

ముఖేష్ విల్లా వెనక్కి చెయ్యి చూపించాడు. "సరే, ఆ వెనుక తోట మిగిలింది."

లచ్చన్న లివరును ఒక్క గడి ముందుకు తోసి, మిషన్ వెనకే నడిచాడు.