చెప్పుల దగ్గర మాసయ్య

ఉప్పునుంతల పక్క ఊళ్లో, చర్చి గుమ్మం దగ్గర చెప్పులు సర్దే మాసయ్యను ఎరగనివాళ్లు లేరు. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఉంటుంది. సంఘమంతా లోపల రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే ఆయన బయట గొంతుక్కూర్చుని జతకు జత కలుపుతూ ఉండేవాడు. పందొమ్మిదేళ్లుగా ఇదే తంతు. ఎందుకు తీసుకోవని అడిగితే, "ఇంకా తక్కువున్నది" అనేవాడు. ఏం తక్కువో చెప్పేవాడు కాదు, మొండిఘటం.

సంగతేమిటంటే, పందొమ్మిదేళ్ల కింద కర్ణాటకలో కాలువ తవ్వే పనికి గుంపును తీసుకెళ్లిన మేస్త్రి మాసయ్యే. అక్కడ ఒక పొద్దున లోతు గుంతలో దిగాల్సిన వంతు ఆయనది. ముందురోజు తాగిన కల్లుకు తల బద్దలవుతుంటే, "తమ్మీ, జర నువ్వు దిగు" అని తమ్ముడు జయపాల్‌ను పంపాడు. గట్టు విరిగి పడింది. మట్టి తోడేసరికి తమ్ముడు లేడు. శవంతో ఊరికి వచ్చాక అందరి ముందు, పెళ్లై రెండేళ్లు కూడా నిండని తమ్ముడి భార్య రుక్కమ్మ ముందు, "వద్దంటె ఇనకుండ దిగిండు" అన్నాడు. చచ్చినవాడు లేచి కాదనలేడు కదా! జయపాల్‌కు మొండివాడన్న పేరు అలాగే నిలిచిపోయింది.

ఆ తర్వాత మాసయ్యకు నిద్రాహారాలు లేవు. తన చేను బీడు పడినా రుక్కమ్మ చేను ముందు దున్నాడు. ఆమె ఇంటికి పెంకులు ఎక్కించాడు. శుక్రవారాలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. చర్చి ప్రహరీకి రాళ్లు మోసి నడుము పోగొట్టుకున్నాడు. చాలినంత చేశాక రుక్కమ్మకు నిజం చెప్పి, అప్పుడు బల్లకు వెళ్దామనుకున్నాడు. ఎంత చేస్తే చాలుతుందో ఆయనకే తెలియదు.

మొన్న క్రిస్మస్ వెళ్లగానే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి తెచ్చి మంచం మీద వేశారు. భార్య పోయి ఆరేళ్లు, పిల్లలు లేరు. జావ తాగించేది, ఒళ్లు తుడిచేది రుక్కమ్మే. పని చేసిపెట్టాల్సినవాడు చేయించుకుంటున్నాడు. ఆ సిగ్గుకు జావ కూడా వద్దనేవాడు. ఇక చెయ్యి లేవదు, తక్కువ తీరదు, నరకమే గతి అని భయపడ్డాడు. పాపం, నిజంగానే భయపడ్డాడు.

మార్చి మొదటి ఆదివారం ఆరాధన కాగానే పాస్టరు సుదర్శన్ రొట్టె, గిన్నె పట్టుకుని ఇంటికే వచ్చాడు. మాసయ్య పళ్లు బిగించాడు. కాసేపటికి వంకరపోయిన నోటితోనే, గుమ్మంలో నిలబడ్డ రుక్కమ్మకు చెప్పాడు.

"వంతు నాది. నేనే దింపిన. అబద్ధం చెప్పిన."

"నాకెర్కే బావా. మట్టి చేసిన మూడోనాడే, మీ గుంపుల ఉన్న మల్లేశ్ చెప్పిండు."

మాసయ్య ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు.

"నెల దినాలు నీ మొకం చూడలే. నువ్వు గూడ సావాలనుకున్న. ఆనంక దేవుని ముందట ఏడ్సి ఇడ్సిపెట్టిన. నువ్వు నాగలి పట్టుకొని నా చెల్కల అడుగు పెట్టింది గా తర్వాతనే."

"మరి గింత సాకిరి ఎందుకు చెయ్యనిచ్చినవ్?"

"ఆపితె సచ్చిపోతుంటివి."

మాసయ్యకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. విరిగిన నడుము, మాడ్చుకున్న కడుపు, పందొమ్మిదేళ్ల చాకిరీ ఎందుకూ కాకుండా పోయాయి. ఆయన నాగలి పట్టకముందే క్షమాపణ వచ్చేసింది, తెలియనిది ఆయనకొక్కడికే. ఆ కోపం మీదే వెక్కి వెక్కి ఏడ్చాడు. పాస్టరు వాక్యం ఎత్తుకోకుండా ఊరుకున్నాడు, అది ఆయన మంచితనం.

"నోరు తెరువు బావా," అంది రుక్కమ్మ.

తెరిచాడు. రొట్టె ముక్క మింగడానికి చాలాసేపు పట్టింది. మింగాక ఎడమచేత్తో పాస్టరు చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, నా తమ్ముడు మొండోడు కాదని సంఘంల చెప్పుండ్రి," అన్నాడు.

తొమ్మిదో రోజున పోయాడు. సుదర్శన్ ఆ మాట, జయపాల్‌ను గుంతలో దింపింది మాసయ్యేనన్న నిజంతో సహా, సమాధి దగ్గరే అందరూ వింటుండగా చెప్పాడు. కొందరు మొహాలు తిప్పుకున్నారు. ఒకరిద్దరు మట్టి వేయకుండానే వెళ్లిపోయారు. రుక్కమ్మ మాత్రం అక్కడే కూలబడి, అన్నదమ్ములిద్దరికీ కలిపి ఏడ్చింది.